కాథలిక్ శ్రీసభలో ఆశీర్వాదం: ఎవరు ఇవ్వవచ్చు? చట్టం ఏం చెబుతోంది?

కొత్త ఇంటి గుమ్మం వద్ద గురువు చల్లే పవిత్ర జలం, విభూతి బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద గుర్తు, రోమ్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా నుంచి పోప్ పలికే దీవెన, నిద్రపోయే ముందు బిడ్డ నుదుట తల్లి వేసే సిలువ గుర్తు: వీటన్నింటినీ కాథలిక్ విశ్వాసులు ఆశీర్వాదమనే పిలుస్తారు. శ్రీసభ చట్టం దృష్టిలో మాత్రం ఇవన్నీ ఒకే స్థాయికి చెందినవి కావు. కొన్నింటిని జ్ఞానస్నానం పొందిన ఎవరైనా చేయవచ్చు. కొన్నింటికి గురువు ఉండాలి. మరికొన్ని బిషప్‌కు, అతి కొద్ది మాత్రం పోప్‌కు ప్రత్యేకం. ఈ తేడా అన్నిసార్లూ లాంఛనంతో ముగిసిపోదు. కొన్ని వివాహాల్లో గురువు ఆశీర్వాదం లేకపోతే ఆ వివాహమే చెల్లదు.

2023 డిసెంబరు 18న వాటికన్ 'ఫిదూచియా సుప్లికాన్స్' అనే ప్రకటన వెలువరించిన తర్వాత ఆశీర్వాదాల విషయం ప్రపంచవ్యాప్త చర్చకు వచ్చింది. ఎవరిని ఆశీర్వదించవచ్చు అన్నదానిపైనే ఆ చర్చ ఎక్కువగా సాగింది. అయితే దానికి పునాదిగా ఉన్నది అంతకన్నా పాత ప్రశ్న: ఆశీర్వదించే అధికారం ఎవరిది, అది ఎక్కడి నుంచి వస్తుంది?

సంస్కారం వేరు, ఆశీర్వాదం వేరు

కాథలిక్ బోధన ప్రకారం సంస్కారాలు ఏడు. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, అవస్థాభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం. వీటిని క్రీస్తే స్థాపించాడని శ్రీసభ విశ్వసిస్తుంది. ఆశీర్వాదాలు ఈ ఏడింటిలో చేరవు. సంస్కారాలను పోలిన పవిత్ర చిహ్నాలుగా, శ్రీసభ స్వయంగా ఏర్పరచిన ఉపసంస్కారాలుగా చట్టం వాటిని వర్గీకరిస్తుంది.

లాటిన్ శ్రీసభకు వర్తించే చట్టసంహితను పోప్ రెండవ జాన్ పాల్ 1983 జనవరి 25న ప్రకటించారు. అదే ఏడాది నవంబరు 27న అది అమలులోకి వచ్చింది. అందులో 1166 నుంచి 1172 వరకు గల నిబంధనలు ఉపసంస్కారాలకు సంబంధించినవి. శ్రీసభ చేసే విజ్ఞాపన ద్వారా వీటి ఫలం, ముఖ్యంగా ఆధ్యాత్మిక ఫలం, లభిస్తుందని 1166వ నిబంధన చెబుతుంది. ఈ నిర్వచనంలోనే ఆశీర్వాదాల చట్టమంతటికీ మూలసూత్రం ఉంది. ఆశీర్వదించే గురువు తన సొంత శక్తిని పంచడం లేదు. దేవుణ్ణి వేడుకునే సమాజం పక్షాన నిలబడి పలుకుతున్నాడు. ఇతరుల పక్షాన పలికే మాట కనుక, ఎవరు పలకాలి, ఏ రూపంలో పలకాలి అన్నది నిర్ణయించే హక్కు శ్రీసభ తన వద్దే ఉంచుకుంది. కొత్త ఉపసంస్కారాన్ని ఏర్పరచడం, ఉన్నదాన్ని మార్చడం లేదా రద్దు చేయడం అపోస్తలిక పీఠానికి మాత్రమే సాధ్యమని 1167వ నిబంధన స్పష్టం చేస్తుంది. ఆమోదం పొందిన క్రమాలను, ప్రార్థనలను జాగ్రత్తగా పాటించాలని కూడా అదే నిబంధన ఆదేశిస్తుంది.

ఆశీర్వాదాలను స్థూలంగా రెండు రకాలుగా చూస్తారు. మొదటి రకం ఒక వ్యక్తి లేదా వస్తువు స్థితినే మార్చివేస్తుంది. దేవాలయాన్ని, బలిపీఠాన్ని ప్రతిష్ఠించడం, మఠాధిపతిని ఆశీర్వదించడం, కన్యకలను దైవసేవకు అంకితం చేయడం ఇటువంటివి. రెండవ రకం దేవుని కృపను కోరే ప్రార్థన మాత్రమే. రోగులకు, ప్రయాణికులకు, పొలాలకు, పశువులకు, పనిముట్లకు ఇచ్చే దీవెనలు ఈ రెండవ రకంలోకి వస్తాయి. మొదటి రకంలో నియమాలు కఠినం, రెండవ రకంలో వెసులుబాటు ఎక్కువ.

బిషప్, గురువు, డీకన్: ఎవరి పరిధి ఎంత?

ఉపసంస్కారాలను నిర్వహించేది తగిన అధికారం పొందిన అభిషిక్తుడని 1168వ నిబంధన పేర్కొంటుంది. అభిషిక్తులంటే డీకన్, గురువు, బిషప్. మఠకన్యలు, గురుపట్టం పొందని మఠ సోదరులు తమ జీవితాన్ని దైవసేవకు అర్పించినవారే అయినా చట్టపరంగా యాజక వర్గంలోకి రారు. ఈ ముగ్గురు అభిషిక్తుల పరిధులను 1169వ నిబంధన విడదీస్తుంది.

అభిషేకాలు, ప్రతిష్ఠలు బిషప్ స్థాయికి చెందినవి. చట్టం అనుమతించినప్పుడు లేదా ప్రత్యేకంగా అధికారం ఇచ్చినప్పుడు గురువు కూడా వాటిని నిర్వహించవచ్చు. ఒక స్థలాన్ని ప్రతిష్ఠించే అధికారం ఆ మేత్రాసన బిషప్‌దని 1206వ నిబంధన చెబుతుంది. ఆయన ఆ బాధ్యతను మరో బిషప్‌కు, అసాధారణ సందర్భాల్లో ఒక గురువుకు అప్పగించవచ్చు. కొత్తగా కట్టిన దేవాలయాన్ని వీలైనంత త్వరగా ప్రతిష్ఠించాలి లేదా కనీసం ఆశీర్వదించాలి. పీఠ దేవాలయాలకు, విచారణ దేవాలయాలకు ఘనమైన ప్రతిష్ఠా క్రమమే తగినదని చట్టం భావిస్తుంది.

పవిత్ర తైలాల విషయంలో ఈ అంతరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. భద్రమైన అభ్యంగనంలో వాడే క్రిస్మ తైలాన్ని బిషప్ మాత్రమే అభిషేకించాలి. ఆ సంస్కారాన్ని గురువు నిర్వహించినా తైలం మాత్రం బిషప్ అభిషేకించినదై ఉండాలి. రోగుల తైలానికి ఒక మినహాయింపు ఉంది. మరణశయ్య మీద ఉన్నవారి వద్ద బిషప్ ఆశీర్వదించిన తైలం అందుబాటులో లేకపోతే, అవసరాన్ని బట్టి ఏ గురువైనా ఆ సంస్కారం జరుపుతున్న సమయంలోనే తైలాన్ని ఆశీర్వదించి వాడవచ్చు. రోగి ప్రాణం ముందు నియమం వెనక్కి తగ్గే సందర్భమిది.

గురువుకు చట్టం ఇచ్చిన పరిధి విశాలమైనది. పోప్‌కు లేదా బిషప్‌లకు ప్రత్యేకించినవి మినహా ఏ ఆశీర్వాదమైనా ఏ గురువైనా ఇవ్వవచ్చు. అయితే పాస్క కాలంలో జ్ఞానస్నాన తొట్టిని ఆశీర్వదించడం, దేవాలయం వెలుపల ఊరేగింపులు నడపడం, అక్కడ ఘనమైన ఆశీర్వాదాలు ఇవ్వడం ప్రత్యేకించి విచారణ గురువుకు అప్పగించిన బాధ్యతలని 530వ నిబంధన చెబుతుంది.

డీకన్ పరిధి దీనికి విలోమంగా ఉంటుంది. గురువు నిషేధించినవి తప్ప అన్నీ చేయవచ్చు, డీకన్ చట్టం స్పష్టంగా అనుమతించినవి మాత్రమే చేయవచ్చు. అయినా ఆ జాబితా చిన్నది కాదు. డీకన్ జ్ఞానస్నానం ఇస్తాడు, దివ్యసత్ప్రసాదంతో ప్రజలను ఆశీర్వదిస్తాడు, లాటిన్ శ్రీసభలో వివాహాలు జరిపిస్తాడు, అంత్యక్రియలు నిర్వహిస్తాడు. భారతదేశంలో డీకన్ పదవి ఎక్కువగా గురుపట్టాభిషేకానికి ముందు దశగానే కనిపిస్తుంది. బొంబాయి అగ్రపీఠం వంటి కొన్నిచోట్ల వివాహితులైన శాశ్వత డీకన్లు కూడా సేవ చేస్తున్నారు.

దుష్టాత్మలను వెళ్లగొట్టే క్రమం ఉపసంస్కారమే అయినా దానికి ప్రత్యేక కట్టుదిట్టం ఉంది. 1172వ నిబంధన ప్రకారం స్థానిక పీఠాధికారి నుంచి ప్రత్యేకమైన, స్పష్టమైన అనుమతి లేకుండా ఏ గురువూ దాన్ని నిర్వహించరాదు. భక్తి, జ్ఞానం, వివేకం, నిర్మల జీవితం గల గురువుకే ఆ అనుమతి ఇవ్వాలి.

తలుపు తెరిచిన రెండవ వాటికన్ మహాసభ

1917 నాటి చట్టసంహితలో సామాన్య విశ్వాసులకు ఈ విషయంలో చోటు లేదు. ఉపసంస్కారాలను నిర్వహించేది అభిషిక్తుడేనని అది నిర్దేశించింది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆమోదించిన దైవారాధన పత్రం ఈ దృక్పథాన్ని మార్చింది. ప్రత్యేకించిన ఆశీర్వాదాల సంఖ్యను బాగా తగ్గించాలని, కొన్ని ఉపసంస్కారాలను కనీసం ప్రత్యేక పరిస్థితుల్లో, పీఠాధికారి నిర్ణయం మేరకు, అర్హులైన సామాన్య విశ్వాసులు నిర్వహించేలా చూడాలని 79వ అధికరణ కోరింది. 1983 చట్టం దీన్ని స్వీకరించింది. 1984లో వెలువడిన ఆశీర్వాదాల గ్రంథం ఆచరణకు అవసరమైన క్రమాలను సమకూర్చింది.

ఈ గ్రంథం వివిధ సందర్భాలకు క్రమాలను నిర్దేశించి, ఒక్కోదాన్ని ఎవరు నడపవచ్చో తెలుపుతుంది. తల్లిదండ్రులు తమ బిడ్డలను ఆశీర్వదించవచ్చు. గురువు అందుబాటులో లేనిచోట ఉపదేశులు, తగిన శిక్షణ పొందిన ఇతరులు కొన్ని ఆశీర్వాదాలను నడపవచ్చు. అయితే సామాన్య విశ్వాసులు తమకు నిర్దేశించిన ప్రార్థనలను, భంగిమలనే వాడాలి. గురువు లేదా డీకన్ అక్కడ ఉంటే ప్రార్థన నడిపే బాధ్యత ఆయనకే వదలాలి.

నిశ్చితార్థం విషయంలో ఆ గ్రంథం చూపిన జాగ్రత్త ప్రత్యేకంగా గమనించదగినది. తెలుగు క్రైస్తవ కుటుంబాలు 'ప్రధానం' అని పిలుచుకునే ఈ వేడుకలో వధూవరుల తల్లిదండ్రులే ఆశీర్వాద ప్రార్థన నడపవచ్చు. గురువు లేదా డీకన్ నడిపితే మాత్రం, ఇది వివాహ సంస్కారం కాదన్న సంగతి హాజరైనవారికి స్పష్టంగా తెలిసేలా ఉండాలి. అభిషిక్తుని సమక్షం చూసి ప్రజలు ఒక క్రియను మరొకటిగా పొరబడతారేమోనన్న ఆందోళన ఈ నియమంలో కనిపిస్తుంది. 2023 నాటి వివాదంలోనూ ఇదే ఆందోళన తిరిగి వినిపించింది.

సామాన్యులకు ఇచ్చిన వెసులుబాటు ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. విభూతి బుధవారం నాడు బూడిదను ఆశీర్వదించేది గురువు లేదా డీకన్. దాన్ని విశ్వాసుల నుదుట పెట్టడంలో ఇతరులు తోడ్పడవచ్చు. అలాగే ప్రత్యేక పరిస్థితుల్లో అనుమతి పొందిన సామాన్య విశ్వాసి దివ్యసత్ప్రసాదాన్ని ఆరాధన కోసం బయట ఉంచవచ్చు, తిరిగి మందసంలో భద్రపరచవచ్చు. కానీ దానితో ప్రజలను ఆశీర్వదించరాదని 943వ నిబంధన స్పష్టంగా చెబుతుంది. ఒక ఆశీర్వాదం శ్రీసభ సామాజిక, సంస్కార జీవితానికి ఎంత దగ్గరైతే దాని నిర్వహణ అంతగా అభిషిక్తులకు ప్రత్యేకమవుతుందన్న సూత్రాన్ని కాథలిక్ సత్యోపదేశ గ్రంథం 1669వ పేరాలో వివరిస్తుంది.

వివాహంలో ఆశీర్వాదం: రెండు సంప్రదాయాలు, రెండు నియమాలు

భారతదేశంలో కాథలిక్ శ్రీసభ మూడు సంప్రదాయాలుగా ఉంది: లాటిన్, సీరో మలబార్, సీరో మలంకర. తెలుగు రాష్ట్రాల్లోని కాథలిక్కులలో అత్యధికులు లాటిన్ సంప్రదాయానికి చెందినవారు. అయితే 1999లో ఆదిలాబాద్‌లో, 2017లో హైదరాబాద్ సమీపంలోని శంషాబాద్‌లో సీరో మలబార్ పీఠాలు ఏర్పడ్డాయి. ఈ రెండు సంప్రదాయాల మధ్య వివాహం జరిగేటప్పుడు ఆశీర్వాదం ఎవరు ఇస్తారన్నది కీలకమవుతుంది.

లాటిన్ శ్రీసభ బోధన ప్రకారం వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు అందించుకునేది వధూవరులే. అభిషిక్తుడు వారి సమ్మతిని అడిగి, శ్రీసభ పేరున దాన్ని స్వీకరిస్తాడు. అందువల్ల అధికారం పొందిన డీకన్ కూడా వివాహం జరిపించవచ్చు. గురువులు, డీకన్లు లేని ప్రాంతాల్లో బిషప్‌ల మండలి అనుకూలత, అపోస్తలిక పీఠం అనుమతి ఉంటే సామాన్య విశ్వాసికి కూడా ఆ బాధ్యత అప్పగించే వీలు చట్టంలో ఉంది.

తూర్పు సంప్రదాయ శ్రీసభలకు 1990 అక్టోబరు 18న ప్రకటించిన చట్టసంహిత దీనికి భిన్నంగా ఉంది. దాని 828వ నిబంధన ప్రకారం వివాహం పవిత్ర క్రమంలో జరగాలి. గురువు హాజరై ఆశీర్వదించడమే ఆ పవిత్ర క్రమం. అక్కడ ఆశీర్వాదం వివాహం చెల్లుబాటుకే అవసరమైన అంశం. డీకన్ ఆశీర్వాదం అందుకు సరిపోదు.

ఈ రెండు చట్టాల మధ్య పొంతన కుదర్చడానికి పోప్ ఫ్రాన్సిస్ 2016 మే 31 తేదీతో ఒక ఆదేశపత్రం జారీ చేసి, లాటిన్ చట్టంలోని 1108వ నిబంధనకు కొత్త భాగాన్ని చేర్చారు. వధూవరులిద్దరూ తూర్పు సంప్రదాయానికి చెందినప్పుడు, లేదా ఒకరు లాటిన్, మరొకరు తూర్పు సంప్రదాయానికి చెందినప్పుడు గురువు మాత్రమే వివాహాన్ని చెల్లుబాటయ్యే విధంగా జరిపించగలడని అది నిర్దేశిస్తుంది. ఉదాహరణకు లాటిన్ సంప్రదాయానికి చెందిన తెలుగు యువతి, సీరో మలబార్ సంప్రదాయానికి చెందిన మలయాళీ యువకుణ్ణి హైదరాబాద్‌లో పెళ్లాడుతున్నారనుకుందాం. వధువు సోదరుడు డీకన్ అయి, తానే ఆ పెళ్లి జరిపిస్తే శ్రీసభ చట్టం ప్రకారం ఆ వివాహం చెల్లదు. అదే ఇద్దరూ లాటిన్ సంప్రదాయానికి చెందినవారైతే, విచారణ గురువు అధికారం అప్పగించిన పక్షంలో చెల్లుతుంది.

గురువు దొరకని విపత్కర పరిస్థితిని కూడా తూర్పు చట్టం ఊహించింది. అటువంటప్పుడు సాక్షుల ఎదుట మాత్రమే చేసుకున్న వివాహాన్ని 832వ నిబంధన గుర్తిస్తుంది. అయితే ఆ దంపతులు వీలైనంత త్వరగా గురువు వద్ద వివాహ ఆశీర్వాదం పొందడం మరువరాదని సూచిస్తుంది.

ఇది శ్రీసభ అంతర్గత చట్టం. దేశ చట్టం దృష్టిలో క్రైస్తవ వివాహాలను 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం నియంత్రిస్తుంది. బిషప్ చేత అభిషేకం పొందిన వ్యక్తి తన శ్రీసభ నియమాలు, క్రమాలు, ఆచారాల ప్రకారం వివాహం జరిపించవచ్చని దాని 5వ సెక్షన్ పేర్కొంటుంది.

కాథలిక్కులు కానివారికి ఆశీర్వాదం

ఆశీర్వాదాలు మొదట కాథలిక్కులకు ఉద్దేశించినవే అయినా, జ్ఞానస్నానానికి సిద్ధమవుతున్నవారికి, శ్రీసభ నిషేధం లేనప్పుడు కాథలిక్కులు కానివారికి కూడా ఇవ్వవచ్చని 1170వ నిబంధన చెబుతుంది. ఫిబ్రవరి 11న విజయవాడ గుణదల మాత పండుగకు అన్ని మతాలవారూ తరలివస్తారు. అటువంటి పుణ్యక్షేత్రాల్లో గురువు తల మీద చేయి ఉంచి ప్రార్థించమని ఎవరైనా కోరితే కాదనవలసిన అవసరం చట్టపరంగా లేదు. సంస్కారాల విషయంలో ఇంతటి వెసులుబాటు ఉండదు.

ఆశీర్వదించిన వస్తువులకూ నియమం ఉంది. దైవారాధన కోసం ప్రతిష్ఠించిన లేదా ఆశీర్వదించిన వస్తువులు వ్యక్తుల సొంత ఆస్తి అయినా వాటిని గౌరవంగా చూడాలని, లౌకికమైన లేదా అనుచితమైన పనులకు వాడరాదని 1171వ నిబంధన ఆదేశిస్తుంది. శ్రీసభకు సొంత శ్మశానవాటిక లేనిచోట ప్రతి సమాధినీ విడివిడిగా ఆశీర్వదించాలని 1240వ నిబంధన చెబుతుంది.

సంస్కారాలు, ఉపసంస్కారాల సందర్భంగా సమర్పించే కానుకల పరిమితిని నిర్ణయించేది ఆయా రాష్ట్రీయ మండలంలోని బిషప్‌లు. గురువు తనకు తోచినంత అడిగే వీలు 1264వ నిబంధన ఇవ్వదు.

2023 ప్రకటన, తర్వాతి వివాదం

స్వలింగ జంటల బంధాలను ఆశీర్వదించే అధికారం శ్రీసభకు లేదని వాటికన్ విశ్వాస సిద్ధాంత విభాగం 2021 మార్చిలో సమాధానమిచ్చింది. 2023 డిసెంబరులో అదే విభాగం, కార్డినల్ విక్టర్ మాన్యుయెల్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో, పోప్ ఫ్రాన్సిస్ ఆమోదంతో 'ఫిదూచియా సుప్లికాన్స్' ప్రకటన విడుదల చేసింది. వివాహంపై బోధన మారలేదని చెబుతూనే, దైవారాధన క్రమంలో ఇచ్చే ఆశీర్వాదాలకు, గురువును వ్యక్తిగతంగా ఆశ్రయించి కోరే సహజమైన దీవెనలకు తేడా చూపింది. శ్రీసభ నియమాలకు అనుగుణంగా లేని సంబంధాల్లో ఉన్న జంటలకు, స్వలింగ జంటలకు రెండవ రకం దీవెన ఇవ్వవచ్చని పేర్కొంది. దానికి నిర్దిష్ట క్రమం ఏర్పరచరాదని, పౌర వివాహ వేడుకతో కలిపి ఇవ్వరాదని, పెళ్లి దుస్తులు, భంగిమలు, మాటలు వాడరాదని షరతులు విధించింది. ఇటువంటి దీవెన 10 నుంచి 15 సెకన్లలో ముగిసేదని 2024 జనవరి 4న ఇచ్చిన వివరణలో తెలిపింది.

ఆమోదిత క్రమాలను పాటించాలన్న నిబంధనతో ఇది ఎలా పొసగుతుందని విమర్శకులు ప్రశ్నించారు. ప్రతి ప్రార్థననూ చట్ట చట్రంలో బిగించరాదని సమర్థకులు వాదించారు. 2024 జనవరి 11న ఆఫ్రికా బిషప్‌ల మండళ్ల తరఫున కార్డినల్ ఫ్రిదోలిన్ అంబోంగో, తమ ఖండంలో స్వలింగ జంటలకు ఇటువంటి ఆశీర్వాదాలు తగవని ప్రకటించారు. యుక్రెయిన్ గ్రీకు కాథలిక్ శ్రీసభ అధిపతి స్వియతోస్లావ్ షెవ్‌చుక్, తూర్పు సంప్రదాయంలో ఆశీర్వాదానికి అర్థం వేరని, ఆ ప్రకటన లాటిన్ శ్రీసభకే వర్తిస్తుందని 2023 డిసెంబరులోనే స్పష్టం చేశారు. వివాహంలో ఆశీర్వాదానికి రెండు సంప్రదాయాలు ఇచ్చే స్థానం వేరైనట్లే, ఈ ప్రకటనకు వాటి స్పందనా వేరైంది.

పోప్ ఆశీర్వాదం

'ఉర్బి ఎత్ ఓర్బి', అంటే రోమ్ నగరానికీ ప్రపంచానికీ, అన్న ఆశీర్వాదం పోప్‌కు ప్రత్యేకం. ఎన్నికైన వెంటనే, క్రిస్మస్, పాస్క పండుగల్లో పోప్ దీన్ని ఇస్తారు. కరోనా మహమ్మారి వేళ 2020 మార్చి 27న నిర్మానుష్యమైన సెయింట్ పీటర్స్ ప్రాంగణంలో పోప్ ఫ్రాన్సిస్ దీన్ని అసాధారణంగా ఇచ్చారు. 2025 మే 8న ఎన్నికైన పోప్ 14వ లియో తొలి ఆశీర్వాదం కూడా ఇదే. రేడియో, టెలివిజన్ ద్వారా భక్తితో పాల్గొనేవారికి కూడా దీని ఫలం లభిస్తుందని శ్రీసభ అంగీకరించింది. మరణాసన్నులకు ఇచ్చే అపోస్తలిక ఆశీర్వాదాన్ని మాత్రం పక్కన ఉన్న ఏ గురువైనా ఇవ్వవచ్చు.

అధికారం కోల్పోయే సందర్భం

ఆశీర్వదించే అధికారం గురువు వ్యక్తిగత ఆస్తి కాదనడానికి శిక్షా నిబంధనలే నిదర్శనం. 2021 డిసెంబరు 8న అమలులోకి వచ్చిన సవరించిన శిక్షా చట్టంలోని 1331వ నిబంధన ప్రకారం, శ్రీసభ నుంచి వెలివేతకు గురైన వ్యక్తి సంస్కారాలతో పాటు ఉపసంస్కారాలను కూడా నిర్వహించరాదు. పట్టం పొందిన గురువైనా, శ్రీసభ పక్షాన పలికే అర్హతను శ్రీసభ నిలిపివేయగలదు.

ఈ నిబంధనలన్నింటినీ కలిపి చూస్తే చట్టం గీసిన గీత స్పష్టమవుతుంది. ఇంట్లో, పొలంలో, రోగి మంచం పక్కన కోరుకునే దీవెనకు అది తలుపులు విశాలంగా తెరిచింది. ఒకరి స్థితిని మార్చే, ఒక స్థలాన్ని దేవునికి అంకితం చేసే, ఒక వివాహాన్ని నిలబెట్టే ఆశీర్వాదాల దగ్గర మాత్రం ఎవరు పలుకుతున్నారో కచ్చితంగా చూస్తుంది. ముఖ్యంగా రెండు సంప్రదాయాల మధ్య వివాహం నిశ్చయించుకున్న కుటుంబాలు, పెళ్లి జరిపించేది ఎవరన్న విషయాన్ని ముహూర్తానికి ముందే విచారణ గురువుతో నిర్ధారించుకోవడం అవసరం.